కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత

2024 మే 8 రాత్రి హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో లక్నో సూపర్ జెయింట్స్ ఇరవై ఓవర్లు ఆడి 165 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ గెలవాలంటే 166 కొట్టాలి. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75 బాదారు. ఒక్క వికెట్టూ పడకుండా 9.4 ఓవర్లలో ఆట అయిపోయింది. ఆఖరున బోర్డు మీద కనిపించిన స్కోరు 167.

కొట్టాల్సింది 166, కొట్టింది 167. పరీక్షలో ఇలా రాస్తే లెక్కల మాస్టారు ఇంటూ కొట్టి పక్కన సున్నా చుడతారు. స్టేడియంలో మాత్రం ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. 166 వచ్చినా గెలుపే, 167 వచ్చినా గెలుపే, 165 దగ్గర సిక్సు పడి 171 అయినా గెలుపే. ఓటమి ఎక్కడ ఆగుతుందో, గెలుపు ఎక్కడ మొదలవుతుందో ఆ గీత ఒక్కటే ముఖ్యం.

సమీకరణం మనల్ని అడిగేది ఒక సంఖ్యను. అసమీకరణం అడిగేది సంఖ్యారేఖ మీద ఒక మేరను: ఎక్కడ మొదలు, ఎటు వైపు, ఎక్కడిదాకా. ఈ తేడా వినడానికి చిన్నదే. కానీ నాచారంలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. హైస్కూల్లో అడుగుపెట్టినప్పటి నుంచి వాళ్ల చేత చేయించింది ‘ఎక్స్ విలువ కనుక్కోండి’ అనే లెక్కలు. ఒక విలువ రాగానే దాని కింద రెండు గీతలు గీసి పెన్ను మూసేయడం అలవాటైపోయింది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏకఘాత అసమీకరణాలకు ఒక పూర్తి అధ్యాయం ఉంది. దాంట్లో ఒక లెక్క చేసి, ‘4 కంటే పెద్ద సంఖ్యలన్నీ’ అని జవాబు వచ్చాక, “సార్, గిన్ని జవాబులల్ల కరెక్టు జవాబు ఏది?” అని అడుగుతారు. అన్నీ కరెక్టే అంటే నమ్మరు. మ్యాచ్ చూసేటప్పుడు ఇదే సంగతి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే నేను ఈ పాఠం మ్యాచ్‌తోనే మొదలుపెడతాను. ఇంగ్లిష్ అక్షరాలు పక్కనపెట్టి, ఓవర్ల సంఖ్యను ‘ఓ’ అనుకుంటాం.

58 బంతుల్లో 167 అంటే ఓవరుకు 17 పైచిలుకు. చేతి లెక్కకు 17 అనుకుందాం. అప్పుడు ‘ఓ’ ఓవర్లు గడిచాక ఇంకా కొట్టాల్సినవి 166 − 17ఓ. ఇవి 50 కంటే తగ్గేది ఎప్పుడు?

166 − 17ఓ < 50

రెండు వైపులా 166 తీసేస్తే

−17ఓ < −116

ఇక్కడిదాకా తరగతి మొత్తం సాఫీగా వస్తుంది. ఇప్పుడు −17తో భాగించాలి. సమీకరణాల అలవాటు చేతిని లాక్కెళ్లి ఓ < 6.82 అని రాయిస్తుంది. ఈ జవాబు ఏమంటోందో ఒకసారి వినండి: మొదటి ఆరు ఓవర్లలో కొట్టాల్సినవి 50 కంటే తక్కువ, ఆ తర్వాత ఎక్కువ అట! ఇంకా ఒక్క బంతి కూడా పడకముందు, ఓ = 0 దగ్గర, 166 అనేది 50 కంటే చిన్నదని ఒప్పుకోవాల్సి వస్తుంది. స్టాండ్‌లో మొదటిసారి కూర్చున్న పిల్లవాడు కూడా ఒప్పుకోడు.

ఆట సాగేకొద్దీ అయిన ఓవర్లు పెరుగుతాయి, కావాల్సిన పరుగులు తగ్గుతాయి. మైనస్ గుర్తు చెప్పేది ఇంతే: ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. కాబట్టి మిగిలింది ఇంతకంటే తక్కువ కావాలంటే, గడిచింది ఇంతకంటే ఎక్కువ కావాల్సిందే. రుణసంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుందని పుస్తకాలు పెట్టెగట్టి ముద్రించే నియమం ఇదే. జవాబు ఓ > 6.82.

పెట్టెలో ఉన్న నియమాన్ని బట్టీ పట్టేవాళ్లు పరీక్ష హడావుడిలో దాన్నే ముందు మర్చిపోతారు. దాన్ని వాడకుండానే లెక్క చేయవచ్చు. 166 − 17ఓ < 50లో మైనస్‌తో ఉన్న 17ఓను కుడి పక్షానికి, 50ని ఎడమ పక్షానికి పంపండి. 116 < 17ఓ అవుతుంది. ఇప్పుడు ధనసంఖ్య 17తో భాగిస్తే 6.82 < ఓ. గుర్తు ఎక్కడా తిరగలేదు, ‘ఓ’ ఉన్న వైపు మాత్రం మారింది. అసలు ఆ నియమం పుట్టుక కూడా ఇలాంటిదే. క < ఖ అనుకోండి. రెండు వైపుల నుంచీ (క + ఖ) తీసేయండి. ఎడమన −ఖ మిగులుతుంది, కుడిన −క మిగులుతుంది. అంటే −ఖ < −క. కూడికలు, తీసివేతలు మాత్రమే తెలిసినవాడికి కూడా గుర్తు ఎందుకు తిరగబడిందో రెండు వరుసల్లో రుజువైపోయింది. ఈ రెండు వరుసలు ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండవో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నియమాన్ని అతిగా గుర్తుపెట్టుకున్నవాళ్లది ఇంకో తంటా. 5క > −20 కనబడగానే, ఎక్కడో మైనస్ ఉంది కదా అని క < −4 అని తిప్పేస్తారు. ఇక్కడ భాగించింది 5తో, అది ధనసంఖ్య. భాగింపబడేది రుణసంఖ్య అయినంత మాత్రాన గుర్తు కదలదు. జవాబు క > −4. అనుమానంగా ఉంటే సున్నా పెట్టి చూడటం మంచి అలవాటు: 5 × 0 = 0, అది −20 కంటే పెద్దదే, కాబట్టి సున్నా జవాబులో ఉండాలి. సమీకరణంలో సరిచూసుకోవాలంటే వచ్చిన విలువనే తిరిగి ప్రతిక్షేపించాలి. ఇక్కడ మీకు నచ్చిన ఏ సులువైన సంఖ్యతోనైనా జవాబు సరైన వైపున ఉందో లేదో తెలిసిపోతుంది.

తెలియని రాశితో భాగించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆగి ఆలోచించాలి. అది ధనమా రుణమా తెలియకుండా గుర్తును ఏం చేయాలో తేల్చలేం. ఆ మ్యాచ్‌లో మొదటి ఆరు ఓవర్ల పవర్‌ప్లే ముగిసేసరికి సన్‌రైజర్స్ 107 చేశారు. ఇంకా 59 కావాలి. మిగిలిన ఓవర్లు ‘మ’ అనుకుంటే, కావాల్సిన రన్‌రేటు 59ని ‘మ’తో భాగిస్తే వచ్చేది. అది 10కి మించకూడదంటే 59 ≤ 10మ అని రాసేయవచ్చు. మిగిలిన ఓవర్లు మైనస్‌లోకి పోవు కాబట్టి ‘మ’తో ధైర్యంగా గుణించాం. క్రికెట్ ఇచ్చిన వెసులుబాటు ఇది. వట్టి ఎక్స్ ఇవ్వదు.

ఇక ఆ 6.82. దీన్ని స్కోర్‌బోర్డు భాషలో 6.8 ఓవర్లు అని చదివితే పప్పులో కాలేసినట్టే. బోర్డు మీది చుక్క దశాంశ బిందువు కాదు, దాని తర్వాత ఉండేవి బంతులు, ఆరు కాగానే ఓవరు మారుతుంది. 0.82 ఓవరు అంటే ఆరుతో గుణిస్తే 4.92 బంతులు. బంతిలో భిన్నం వేయలేరు కాబట్టి ఐదు. కావాల్సినవి 50 కంటే తగ్గేది 6.5 దగ్గర. హెడ్, అభిషేక్ ఆడిన 9.4 ఓవర్లు కూడా మామూలు లెక్కలో 9.67. ఓవరుకు 17 పైచిలుకు అని ముందు చెప్పిన సగటు 167ను 9.4తో భాగిస్తే రాదు.

బంతులు పూర్ణాంకాల్లోనే ఉంటాయన్న ఈ సంగతి చిన్నదేం కాదు. టీ20లో ఒక బౌలరు నాలుగు ఓవర్లకు మించి వేయకూడదు. ఇరవై ఓవర్లూ వేయించాలంటే కనీసం ఎంతమంది కావాలి? నలుగురు బౌలర్లు వేయగలిగేది 16 ఓవర్లే, కాబట్టి ఐదుగురు. వన్డేలో పరిమితి పది ఓవర్లు, మొత్తం యాభై. అక్కడా ఐదుగురే. జట్టు కూర్పు గురించి టీవీల్లో గంటలకొద్దీ నడిచే చర్చల వెనక ఉన్న అసమీకరణం ఇది.

ఉప్పల్ నుంచి నాచారం వైపు వస్తే అసమీకరణాల గొంతు మారుతుంది. అక్కడి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా పథకం) ఆస్పత్రిలో చూపించుకునే కార్మికుడికి, అతని కుటుంబానికి ఆ హక్కు వచ్చేది రెండు హద్దుల వల్ల. సంస్థలో పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తుండాలి. నెల జీతం 21,000 రూపాయలకు మించకూడదు. ఈ రెండో హద్దు 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. సంఖ్యారేఖ మీద 21,000 దగ్గర నింపిన చుక్క పెట్టాలా, ఖాళీ సున్నా పెట్టాలా అన్నది పిల్లలు అరమార్కు ప్రశ్నగా కొట్టిపారేస్తారు. సరిగ్గా 21,000 తీసుకునే మనిషికి అది అరమార్కు కాదు. ‘మించకూడదు’ అన్నారు కాబట్టి అతను లోపలే ఉన్నాడు, చుక్క నింపాలి. రోజు సగటు కూలి 176 రూపాయల దాకా ఉన్నవాళ్లు తమ వాటా చందా కట్టక్కర్లేదు. అక్కడా అంతే.

ఇదే పథకంలో అనారోగ్య భృతి రావాలంటే ఆరు నెలల చందా వ్యవధిలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండాలి. ఒకామె ఇప్పటికి 41 రోజులు పనిచేసింది, వారానికి ఆరు రోజులు డ్యూటీ అనుకుందాం. ఇంకెన్ని వారాలు? 41 + 6వా ≥ 78, అంటే 6వా ≥ 37, వా ≥ 6.17. ఆరు వారాలు చాలవు. ఏడో వారం మొదటి రోజు డ్యూటీకి వెళ్తే లెక్క సరి. 6.17 అంటే దగ్గరలోని పూర్ణాంకం 6 కదా అని సవరించే అలవాటు ఇక్కడ ఆమె భృతిని పోగొడుతుంది. ‘కనీసం’ ఉన్నచోట పైకి సవరించాలి, ‘మించకుండా’ ఉన్నచోట కిందికి. దగ్గర దూరాలతో పని లేదు.

ఆటో లెక్క కూడా ఈ కోవదే. హైదరాబాద్‌లో 2014లో ఖరారైన మీటరు రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. వంద రూపాయల్లో ఎంత దూరం? 20 + 11(కి − 1.6) ≤ 100, కాబట్టి కి ≤ 8.87. మీటరు వేసే ఆటో దొరికితే.

ఇప్పటిదాకా ఒక్కో లెక్కలో ఒక్కో షరతు చూశాం. నిజానికి షరతులు ఒంటరిగా రావు. 2023 జనవరి 18న ఇదే ఉప్పల్‌లో శుభ్‌మన్ గిల్ 208 కొట్టిన వన్డే గుర్తుందా? భారత్ 349 చేసింది. 131కే ఆరు వికెట్లు పోగొట్టుకున్న న్యూజిలాండ్‌ను మైకేల్ బ్రేస్‌వెల్ 78 బంతుల్లో 140 చేసి గెలుపు గుమ్మం దాకా లాక్కొచ్చాడు. ఆఖరి ఓవరుకు 20 కావాలి. మొదటి బంతి సిక్సు, తర్వాత ఒక వైడు. ఇంక ఐదు బంతుల్లో 13. పరుగుల షరతు ఒక్కటే చూస్తే బంతికి ఆరు చొప్పున 30 దాకా వీలుంది, 13 ఎంత? కానీ ఇంకో షరతు పక్కనే కాచుకుని ఉంది: పోయిన వికెట్లు 9కి మించకూడదు. భారత బౌలరు శార్దూల్ ఠాకూర్ బంతికి బ్రేస్‌వెల్ ఎల్‌బీడబ్ల్యూ అయ్యాడు, అది పదో వికెట్. 337 దగ్గర ఆట ముగిసింది, 12 పరుగుల తేడా. పరుగుల వైపు దారి తెరిచే ఉంది, వికెట్ల వైపు మూసుకుపోయింది. షరతులన్నీ ఒకేసారి నెగ్గాలి, ఒక్కటి తప్పినా అంతే.

రెండు చలరాశులు, రెండు మూడు షరతులు కలిస్తే సంఖ్యారేఖ చాలదు, గ్రాఫు కాగితం కావాలి. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డును ఊహించుకుందాం. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఎనిమిది గంటల షిఫ్టు, అంటే ఒక్కో మెషిన్ మీద 480 నిమిషాలు. తయారయ్యేవి రెండు: బుష్‌లు, ఫ్లాంజ్‌లు. ఏది చేసినా లేత్ మీద పది నిమిషాలు పడుతుంది. బుష్‌కు ఒక్క ఆయిల్ హోల్ చాలు కాబట్టి డ్రిల్లింగ్ ఐదు నిమిషాలు. ఫ్లాంజ్‌కు చుట్టూ బోల్టు రంధ్రాలు వేయాలి కాబట్టి ఇరవై. బుష్‌ల సంఖ్య ‘బ’, ఫ్లాంజ్‌లది ‘ఫ’ అనుకుంటే

లేత్: 10బ + 10ఫ ≤ 480, అంటే బ + ఫ ≤ 48
డ్రిల్లింగ్: 5బ + 20ఫ ≤ 480, అంటే బ + 4ఫ ≤ 96

వీటికి తోడు బ ≥ 0, ఫ ≥ 0. రాయడం చాలామంది మరిచిపోయే షరతులు ఇవి. రాయకపోతే గణితం మొహమాటపడకుండా ‘మైనస్ పది బుష్‌లు చేయండి’ అని సలహా ఇవ్వగలదు.

అడ్డంగా బుష్‌లు, నిలువుగా ఫ్లాంజ్‌లు వేసి గ్రాఫు గీయండి. బ + ఫ = 48 గీత కాగితాన్ని రెండుగా కోస్తుంది. ఏ సగం మనది? (0, 0) పెట్టి చూడండి. ఏమీ చేయకపోతే లేత్ సమయం మించదు కదా, కాబట్టి సున్నా ఉన్న సగమే. రెండో గీతకూ అదే పరీక్ష. ఏ సగాన్ని కొట్టేశారో ఆ సగానికి గీతలు పెట్టుకుంటూ పోతే, చివరికి గీతలు పడకుండా మిగిలేది నాలుగు మూలల ముక్క: (0, 0), (48, 0), (32, 16), (0, 24). షెడ్డులో ఇవాళ చేయగలిగిన పనులన్నీ ఈ ముక్కలో ఉన్నాయి, దీని బయట ఉన్నది ఏదీ కుదరదు.

బుష్‌కు 20 రూపాయలు, ఫ్లాంజ్‌కు 50 మిగులుతాయనుకుందాం. ఎన్నెన్ని చేస్తే లాభం ఎక్కువ? ముక్కలో ఉన్న వందలకొద్దీ బిందువులను ఒక్కొక్కటిగా వెతకక్కర్లేదు. 20బ + 50ఫ = 500 అనే గీత మీద స్కేలు పెట్టండి. ఆ గీత మీద ఎక్కడున్నా లాభం 500. స్కేలును వాలు మార్చకుండా మెల్లగా బయటికి జరపండి. లాభం పెరుగుతూ పోతుంది. స్కేలు ముక్కను పూర్తిగా వదిలేసే ముందు ఆఖరున తాకేది ఒక మూలను. అందుకని మూలలు చూస్తే చాలు: (48, 0) దగ్గర 960, (0, 24) దగ్గర 1,200, (32, 16) దగ్గర 640 + 800 = 1,440. ఫ్లాంజ్ మీద రెండున్నర రెట్లు మిగులుతుంది కదా అని షిఫ్టంతా ఫ్లాంజ్‌లే చేయించే యజమాని 240 రూపాయలు పోగొట్టుకుంటాడు.

లీనియర్ ప్రోగ్రామింగ్ అనే ఈ పనిని మొదట సీరియస్‌గా పట్టించుకున్న చోటు కూడా ఒక ఫ్యాక్టరీ లాంటిదే. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ తయారుచేసే ట్రస్టు వాళ్లు ఏ మెషిన్‌కు ఏ రకం కలప ఎంత ఇవ్వాలో తేల్చుకోలేక లియొనిద్ కాంటొరోవిచ్ అనే యువ గణితవేత్తను అడిగారు. మెషిన్లూ కలప రకాలూ పెరిగేసరికి గ్రాఫు కాగితం పనికిరాదు. మూలల సంఖ్య విపరీతంగా పెరిగిపోతుంది. ఆయన ఆ చిక్కుకు ఒక దారి కనిపెట్టారు. అమెరికాలో 1947లో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి తెచ్చారు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి, లాభం పెరిగే అంచు వెంట పక్క మూలకు నడవడం, పెరగని చోట ఆగిపోవడం, అంతే ఆ పద్ధతి సారాంశం. 1975లో కాంటొరోవిచ్‌కూ, ఆర్థికవేత్త కూప్‌మన్స్‌కూ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, డాంట్జిగ్‌కు రాలేదు. ఇది అన్యాయమని అప్పుడే చాలామంది అన్నారు, నేనూ అంటాను. 1984లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న నరేంద్ర కర్మార్కర్ అంచుల వెంట కాకుండా ముక్క లోపలి నుంచే దూసుకెళ్లే పద్ధతి ప్రకటించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠం చెప్పిన కట్టా జి. మూర్తి రాసిన ‘లీనియర్ ప్రోగ్రామింగ్’ 1983లో వచ్చింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన పుస్తకాల్లో అదొకటి. ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతి పాత సిలబస్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం ఉండేది. 2014లో పుస్తకాలు మారినప్పుడు పోయింది. గ్రాఫు, లెక్క, బతుకు ఒకే పేజీ మీద కలిసే పాఠం అది. తీసేయడం తప్పని నా అభిప్రాయం.

మళ్లీ షెడ్డులోకి. ఫ్లాంజ్ లాభం 50 నుంచి పెరుగుతూ పోతే ఏమవుతుంది? స్కేలు వాలు మారుతుంది. 60 అయినా, 70 అయినా గెలిచే మూల (32, 16)నే. లాభం అంకె మారుతుంది కానీ పని చీటీ మారదు. 100 అయితే మాత్రం (32, 16) దగ్గర 2,240, (0, 24) దగ్గర 2,400. ఇప్పుడు ఫ్లాంజ్‌లే చేయాలి. మార్పు వచ్చేది సరిగ్గా 80 దగ్గర. అక్కడ స్కేలు మూల మీద కాకుండా ఒక అంచు పొడవునా ఆనుతుంది. (32, 16) దగ్గర 640 + 1,280 = 1,920. (0, 24) దగ్గర కూడా 1,920. మధ్యలో ఉన్న (16, 20) దగ్గరా 320 + 1,600, అదే 1,920. “సార్, మరి ఏది చెయ్యాలె?” అని ఇక్కడ అడిగిన పిల్లల్ని మెచ్చుకుంటాను. మన అసమీకరణాలకు తెలిసినంతలో మూడూ సమానమే. కానీ (32, 16) దగ్గర రెండు మెషిన్లూ నిమిషం ఖాళీ లేకుండా తిరుగుతాయి. (0, 24) దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ నిండుగా ఉంటుంది, లేత్‌కు పని 240 నిమిషాలే. మిగిలిన నాలుగు గంటలు అది పక్క షెడ్డు వాళ్ల జాబ్‌వర్క్‌కు దొరుకుతుంది, ఆ కూలి 1,920కి పైన వస్తుంది. ఆ జాబ్‌వర్క్‌ను కూడా లెక్కలోకి తేవాలంటే మూడో చలరాశి కావాలి, గ్రాఫు కాగితం మీద పట్టదు.